రోడ్డవతల నుంచి చూసే అక్క

నేను డిజైన్ చేసిన పత్తి విత్తనాల ప్యాకెట్‌ను చూసి, టీ తాగుతున్న రైతు వేరే కంపెనీ పేరు చెప్పాడు. నేను చేసిన పనేంటో అప్పుడే నాకర్థమైంది.

గుంటూరులోని ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనరుగా అది నా తొలి ఉద్యోగం. "చిన్నపిల్లల తల్లివి, టైముకి పనివ్వగలవా?" అని అందరూ తిప్పి పంపాక దొరికింది. అక్కడ పని నేర్పిన సీనియర్ అక్కకు ఒక అలవాటుండేది. ఏ డిజైన్ అయినా ప్రింటు తీసి, రోడ్డు దాటి, టీ బండి దగ్గర నిలబడి ఒక కన్ను మూసి చూసేది.

"కంప్యూటర్లో అన్నీ బాగానే ఉంటాయమ్మాయ్. కొనేవాడు ఇక్కడుంటాడు," అనేది.

ఆ రోజు ఒక వ్యాపారి పేరున్న కంపెనీ ప్యాకెట్ తెచ్చి, "రంగులూ బొమ్మా అచ్చం ఇవే ఉండాలి, పేరు మాత్రం మాది," అన్నాడు. అలాగే చేశాను. అక్క ఎప్పటిలాగే రోడ్డు దాటి, నన్నూ రమ్మని, దాన్ని ఆ రైతుకు చూపించింది.

"ఇది తెలీకపోవడమేంటమ్మా? ఏటా మేం వేసేదేగా!" అన్నాడాయన.

అక్క తిరిగొచ్చి ప్రింటును వ్యాపారి ఎదుటే చింపేసింది. "పంట పోతే ఆయన ఎవర్ని అడగాలండీ? మేం చెయ్యం."

"చెయ్యకపోతే ఇద్దరూ ఇంటికి పోండి," అన్నాడు మా షాపు ఓనరు.

"ఈ ఊళ్లో ఇంక మీకు పని దొరకదు," అన్నాడు వ్యాపారి.

అక్క నవ్వింది. "బోర్డుల్లేని ఊరేదైనా ఉంటే చెప్పండి. అక్కడికి మాత్రం వెళ్లం."

పిల్లల స్కూలు ఫీజులు గుర్తొచ్చాయి. అయినా బ్యాగు తీసుకుని ఆమె వెనకే మెట్లు దిగాను.

మర్నాడు పొద్దున్నే పిల్లలకు చెప్పాను: "అమ్మకి ఉద్యోగం పోయింది, పని పోలేదు. మన గేటుకి 'డిజైన్లు చేస్తాను' అని నా బోర్డు కట్టాను. రోడ్డవతలకెళ్లి చదవండి. కనపడకపోతే ఇంకా పెద్దగా రాస్తా."