రంపాలు ఆగిన వేళ

మార్కాపురంలోని మా పలకల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నలభై నిమిషాలు రంపాలు ఆగేవి. దిగులు పాటల రాక్ బ్యాండు పెట్టుకున్న ఒక యువ కార్మికుడు తన తొలి ఆల్బంను ఆ నిశ్శబ్దంలోనే రికార్డు చేసేవాడు. ప్రతి పాటకూ ముందు, సూపర్‌వైజరునైన నన్ను "ఎంత టైముంది పెదనాయనా?" అని అడిగేవాడు.

తొమ్మిదోది, ఆఖరిది, తండ్రి మీద రాసుకున్న పాట. ఆయన అక్కడే రాయి కోస్తూ కుప్పకూలి, ఆసుపత్రికి చేరేలోగా మరణించాడు. చివరి చరణం దగ్గర కొడుకు గొంతు మూడుసార్లు పూడుకుపోయింది.

"ఏందిరా, మెషీన్లు తిరిగేదాకా ఏడుస్తావా?" అన్నాడు డ్రమ్ములు వాయించే మిత్రుడు.

కొడుకు నా వైపు తిరిగాడు. "ఆ పొద్దు మా నాయన పక్కన నువ్వే ఉంటివి గదా పెదనాయనా. ఏమన్నా అన్నాడా? ఆ మాటే పాడతా."

ఎంత ప్రయత్నించినా ఒక్క మాటా గుర్తుకు రాలేదు.

"పదకొండూ ఇరవైకి ఆటో ఎక్కించినాం నాయనా" అన్నాను.

ఆల్బం ఎనిమిది పాటలతోనే వచ్చింది.