దొరగారికి దక్కని పేడనీళ్లు

పూర్వం ఒక ఐర్లండు సైనికుడు పింఛను పుచ్చుకుని మా అరకు కొండల్లో కాఫీ తోట వేసుకున్నాడట. చైత్రమాసంలో గిరిజనులు చేసుకునే ఇటుకల పండక్కి వేటకెళ్లి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు కొట్టడం ఇక్కడి ఆచారం. ఆయన అలా వస్తే మాత్రం పక్కకు తప్పుకుని దండం పెట్టేవారట. పాపం, చచ్చేదాకా దొరగానే మిగిలిపోయాడు.

నేనూ మైదానం నుంచి వచ్చి, ఇక్కడి పిల్లను చేసుకుని స్థిరపడ్డ రిటైర్డు సిపాయినే. తుపాకీ పోయింది, గురి అంతకుముందే పోయింది. మొన్నటి పండక్కి పిట్టయినా దొరక్క తిరిగొస్తుంటే, నాకూ దండం పెడతారేమోనని ఒకటే బెంగ.

మలుపులో మా మరదలు బకెట్టుతో నిలబడి ఉంది.

"ఏటి బావా, మిలట్రీలో అన్నేళ్లు ఏటి కాల్సినావు, బీడీలా?" అంటూ నెత్తిన కుమ్మరించింది.

హమ్మయ్య అనుకుని, కళ్లు తుడుచుకుని, రెండో బకెట్టు కోసం అక్కడే నిలబడ్డాను.