ఆషాఢంలో అమ్ముడుపోయిన చీర

పోయిన నెల మడికొండలో మా ఆడపడుచు మనవరాలి పెళ్లికి పోయాను. ఫంక్షన్ హాలు గుమ్మం దాటి లోపల అడుగు పెట్టానో లేదో, కెమెరా పట్టుకున్న పిల్ల ఒకతె ఎదురొచ్చి, అమ్మమ్మా, పూల కమాను సరిగ్గా పడలేదు, ఒక్కసారి బయటికి పోయి మళ్లీ నడుచుకుంటూ రండి, నావైపు మాత్రం చూడకండి అంది. నా మోకాళ్ల సంగతి దానికేం తెలుసు! మావాళ్లంతా నేను కసురుకుంటానని చూశారు గాని, నాకు నవ్వొచ్చింది. అటు ఇటు చూడకుండా నడవమని ఒకప్పుడు నేనూ ఒకరికి చెప్పాను. నా ఈడు వాళ్లు ఓపిగ్గా వింటారని చెబుతున్నాను, ఒకప్పుడు మేమూ సినిమా తీశాం.

తీశామంటే నేనేదో తెరమీద ఆడిపాడాననుకునేరు, అంత లేదు. మాది వరంగల్‌లో బట్టల దుకాణం. నేను కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లేసుకొని తిరిగే మా మరిది, డిగ్రీ అయ్యాక దుకాణంలో కూర్చోకుండా హన్మకొండలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు తీసే పనికి కుదిరాడు. తాతల నాటి దుకాణం గద్దె ఉండగా ఊళ్లోవాళ్ల పెళ్లిళ్ల వెంట తిరగడమేమిటని మా ఆయన రోజూ అన్నం దగ్గర సణిగేవారు. వాడి మనసు నిండా సినిమా ఉందని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. కెమెరా స్టూడియోది, ముహూర్తాలుంటే దొరకదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గనుక ఈ నెల్లాళ్లూ నీదేరా అని స్టూడియో యజమాని దాన్ని వాడి చేతిలో పెట్టాడు. మా ఆయన కూడా ఒకమాట తెగేసి చెప్పారు. ఆషాఢం లోపల నీ ముచ్చట తీర్చుకో, తీరకపోతే శ్రావణం మొదటి రోజున వచ్చి గద్దె మీద కూర్చో, మళ్లీ ఈ ఇంట్లో సినిమా మాట వినబడొద్దు అన్నారు. మరిది సరేనన్నాడు. ఆ సరే అన్నప్పటి మొహం చూసి ఎట్లాగైనా ఈ సినిమా పూర్తి కావాలని ఆ పూటే అనుకున్నాను.

కథ చాలా చిన్నది. పెళ్లయినప్పటి నుంచి ఒంటరిగా గడప దాటని ఒక ఇల్లాలు, చివరికి ఒక్కతే నడుచుకుంటూ పోయి బస్సెక్కుతుంది. ఆడమనిషి బస్సెక్కడం కూడా సినిమానేనా అని మా ఆయన నవ్వారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఇల్లాలి వేషం మా వీధి చివరి టైలర్ చాచా భార్య వేసింది. మేమంతా చాచి అనేవాళ్లం. పెళ్లిళ్లలో ఆమె ఒకరిని అనుకరించి చూపిస్తే కడుపు పట్టుకొని నవ్వేవాళ్లం. అటువంటి మనిషి కెమెరా ముందు ఊరికే నిలబడి చూస్తే మాకందరికీ కళ్లు చెమ్మగిల్లేవి. బట్టల భారం నాది. కొనే తాహతు లేదు గనుక దుకాణంలో చీరలే వాడుకోవాలి, సాయంత్రానికి మడత చెడకుండా తిరిగి అల్మారాలో పెట్టాలి, అదీ మా ఆయన పెట్టిన షరతు. చాచి జాగ్రత్తగా కట్టుకునేది, విప్పగానే నేను నీడన ఆరేసి, అరచేత్తో దువ్వి, పాత మడత గీత మీదే మళ్లీ మడత వేసేదాన్ని. పుట్టిందీ మెట్టిందీ బట్టల ఇంటనే కదా, మిల్లు వాళ్లు కూడా అంత బాగా మడవరని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ గర్వమే కొంప ముంచింది. చివరి సన్నివేశం సగం అయింది. చాచి నేరేడుపండు రంగు చీరలో, ఆవపిండి రంగు అంచు సర్దుకుంటూ ఇంట్లోంచి బయటికి రావడం తీశారు. బస్సు దాకా నడక మిగిలింది. ఇంతలో వాన పట్టుకుంది, రోజులు గడిచిపోయాయి. వాన తెరిపిచ్చాక చీర కోసం దుకాణానికి పోతే అల్మారాలో లేదు. ఆషాఢం తగ్గింపు కదా, జనం విరగబడి కొంటున్నారు, ఆ చీర నిక్షేపంగా అమ్ముడుపోయింది! అది ఒకరు కట్టి విప్పిన చీర అని ఎవరూ కనిపెట్టలేదు, మా ఆయనతో సహా. నేతచీర, ఆ రంగుది ఒక్కటే వచ్చింది. మరిది దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయాడు. శ్రావణం ఇంకెంతో దూరం లేదు.

అప్పుడు జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. సంగతి విన్న మా ఆయన మొహం వాడికంటే ఎక్కువ పాలిపోయింది. సినిమా ఆగిపోయినందుకు కాదు, ఒకరు కట్టిన చీరని కొత్తదని అమ్మామే అని. కొన్నదెవరో ఆయనకు గుర్తుంది, పరకాల నుంచి ఏటా వచ్చే పెద్దమ్మ. పొద్దున్నే ఒక మంచి చీర సంచిలో పెట్టుకొని, నన్నూ మరిదినీ వెంటబెట్టుకొని పరకాల బస్సెక్కారు.

ఆ పెద్దమ్మ వాకిట్లో పల్లికాయ ఒలుస్తోంది. ఏంది సేటూ, ఇంత దూరమొచ్చినవ్, బాకీ గిట్ల ఉన్ననా అని నవ్వింది. మా ఆయన కూర్చోకుండానే ఉన్నదున్నట్టు చెప్పేశారు. తీరా చూస్తే ఆమె పోయిన ఆదివారమే ఆ చీర కట్టుకొని పోచమ్మకు బోనమెత్తింది! మొక్కు చీరకి ఇట్లా జరిగిందే అని మా ఆయన సంచిలోని చీర తీసి ఆమె ముందు పెట్టారు. ఆమె మాత్రం ఒలవడం ఆపకుండా, కట్టినామె మంచిదేనా అని అడిగింది. బంగారం లాంటి మనిషని నేను చెప్పాను. ఇంకేంది మరి, పోచమ్మకు నా మొక్కుతోని పని గాని మడతతోని పనా అంది. ఆ మాటతో మాకు ప్రాణం లేచొచ్చింది.

చీర ఇమ్మని మరిది బతిమాలితే మాత్రం ససేమిరా అంది. బోనమెత్తిన చీరె ఇంకొకరి ఒంటి మీదికి ఇయ్యను బిడ్డా, మా ఇంట్ల ఆ పద్ధతి లేదు అని కచ్చితంగా చెప్పింది. ఇక అయిపోయిందనుకున్నాం. మరిది లేచి చెప్పులు తొడుక్కుంటుంటే ఆమే పిలిచి, మిగిలింది నడుసుడేనంటివి గదా, మొకం కనపడదంటివి, నేను నడిస్తే నడవదా అని అడిగింది. వాడు అక్కడికక్కడే ఆమె కాళ్లు పట్టుకున్నాడు.

ఆమె మర్నాడే వచ్చింది. చాచి జాకెట్టు ఆమెకు బిగుతైతే, చాచా కుట్లు విప్పి వదులు చేశాడు. తాను కట్టిన చీర బోనానికి పోయొచ్చిందని తెలిసి చాచి మురిసిపోయి, అక్కా అక్కా అంటూ ఆమెకు తన నడక నేర్పబోయింది. నడుసుడు గూడ నేర్పుతరా, పుట్టినప్పటి సంది నడుస్తనే ఉన్న అని పెద్దమ్మ అంటే అందరం గొల్లుమన్నాం.

మడికొండ దాటాక అప్పట్లో ఒక కంకర రోడ్డుండేది, అటూ ఇటూ చేలు, మొరం దిబ్బలు. అటు వచ్చే పల్లె బస్సు డ్రైవరును బతిమాలి పెట్టుకున్నాం. మబ్బు మళ్లీ కమ్ముకొస్తోంది, బస్సు ఒక్కసారే వస్తుంది, కెమెరా తెల్లారితే స్టూడియోకి పోవాలి. పెద్దమ్మా, అటు ఇటు చూడకు, ఆగకు, వెనక్కి తిరగకు అని నేను చెప్పి పక్కకు తప్పుకున్నాను. ఆమె బయలుదేరింది. బాగానే నడుస్తోందనుకునేలోగా సగం దారిలో టక్కున ఆగింది! ఆమె వంగి, కాలి చెప్పు తీసి దులిపి, ఏమనుకుందో ఏమో, రెండోది కూడా తీసి, రెండూ చేత్తో పట్టుకొని, వట్టి కాళ్లతో ఆ కంకర మీద ఇంకా గబగబా నడిచిపోయి బస్సెక్కింది. మరిది ఆపమనలేదు. బస్సు మలుపు తిరిగేదాకా వాడి చెయ్యి కెమెరా మీంచి కదల్లేదు.

ఎందుకట్లా చేశావు పెద్దమ్మా అని అందరం చుట్టూ మూగితే, రాయి గుచ్చింది, గంతే అంది.

ఆ సినిమా పెద్ద హాళ్లలో ఆడలేదు, మా వీధిలోనే ఆడింది. తెర కావాలంటే మా ఆయన ఎవరూ అడగకుండానే తెల్లబట్ట తాను తీసి కత్తిరించారు, చాచా అంచులు కుట్టాడు. పరకాల పెద్దమ్మ ముందు వరుసలో కూర్చుంది. చెప్పులు చేతబట్టుకొని ఆ ఇల్లాలు నడుస్తుంటే, ఆడవాళ్లమంతా ఎందుకు ఏడ్చామో ఎవరికీ చెప్పలేం. మర్నాడు మా ఆయన ఆ తెరబట్ట మడతపెట్టి పై అల్మారాలో పెట్టారు. పనివాడు అది తగ్గింపులో వేయాలా అని అడిగితే, అది అమ్మేది కాదు అన్నారు. శ్రావణం మొదటి రోజున గద్దె మీద ఆయనే కూర్చున్నారు, తమ్ముణ్ని రమ్మనలేదు. మరిది ఈనాటికీ అట్లాంటి చిన్న చిన్న సినిమాలే తీస్తున్నాడు. ఇప్పుడు అడిగినా మా ఆయన ఒప్పుకోరు, తాను పరకాల పోయింది దుకాణం పరువు కోసమేనంటారు. కానీయండి, ఎందుకోసం పోతేనేం, పోయారు కదా. ఆ ఒక్క పనికి నేను ఆయన సణుగుడంతా మాఫీ చేశాను.

ఇప్పుడు ప్రతివాడి జేబులో కెమెరా ఉంది, దానికి ఆషాఢం, శ్రావణం తేడా లేదు. మంచిదే, మా మరిదిలాగా ఎవరూ ముహూర్తాలు లేని నెల కోసం కాచుకోనక్కర్లేదు. కాని ఒకరి చీర కోసం ఒకరు బస్సెక్కి పోవలసిన పని కూడా లేకుండా పోయింది. పెద్దమ్మ లేదు, పోయి కొన్నేళ్లయింది. బతికినన్నాళ్లూ ప్రతి ఆషాఢం దుకాణానికి వచ్చి, నా సినిమా మల్ల ఎప్పుడేస్తరు సేటూ అని అడిగేది. చాచా, చాచి కొడుకు దగ్గరికి ములుగు పోయారు. ఆ కంకర రోడ్డు మీద ఇప్పుడు నాలుగు వరుసల తారు, పక్కన అపార్టుమెంట్లు, ఆ మొరం దిబ్బలున్న చోటనే ఈ ఫంక్షన్ హాలు. నాకీ సంగతి కారు దిగినప్పుడే తెలిసింది.

అందుకే ఆ కెమెరా పిల్ల చెప్పినట్టు బుద్ధిగా బయటికి పోయి, మళ్లీ లోపలికి వస్తూ, కమాను కింద ఆగి, చెప్పులు రెండూ తీసి చేత్తో పట్టుకొని నడిచాను. మా ఆడపడుచు నోరు తెరిచింది. ఆ పిల్ల కెమెరా దించి, ఏమైంది అమ్మమ్మా అని పరుగెత్తుకొచ్చింది.

రాయి గుచ్చింది బిడ్డా, గంతే అన్నాను. ఆ పిల్ల పాపం వంగి, అద్దంలా మెరుస్తున్న ఆ పాలరాతి నేల మీద ఎంతసేపో వెతికింది.