అసమ్మతి మాస్టారు

లెక్కల మాస్టారు ఏ కాగితం మీదా ఊరికే సంతకం పెట్టరు. ముందు ‘అసమ్మతితో’ అని రాస్తారు, ఆ కింద పెడతారు. హాజరుపట్టీలో అంతే, సొంత సెలవుచీటీ మీదా అంతే. పెళ్లి రిజిస్టరులోనూ అలాగే రాశారనీ, వాళ్లావిడ ముప్పై ఏళ్లుగా సంజాయిషీ అడుగుతూనే ఉందనీ యూనివర్సిటీ అంతా చెప్పుకుంటారు.

చరిత్ర మేడం చేరి ఏడాదే అయింది. ఆవిడకీ ఆయనకీ రోజూ టీ వేళ యుద్ధమే.

“ఒంటిరంగు గొడవలు క్లాసులో ఎందుకమ్మాయ్? పాఠం చెప్పుకో!”

“మన గేటు దగ్గరే చూడండి మాస్టారూ! మీలా తెల్లగా ఉన్నవాళ్లు ఈల వేసుకుంటూ పోతారు. నాలాంటి నల్లవాళ్లం గుర్తింపు కార్డు తియ్యాలి.”

“ఒప్పుకోను!”

“టీ చల్లారిందన్నా మీరు ఒప్పుకోరు లెండి!”

గేటు సంగతి ఆవిడ క్లాసులోనూ చెప్పింది. ఎవరో పైవాళ్లకి మోశారు. విచారణ సంఘం వేశారు: డీను, రిజిస్ట్రారు, లెక్కల మాస్టారు. ముగ్గురూ ఏకగ్రీవంగా సంతకం పెడితే ఉద్యోగం ఊడినట్టే. మూడో పేరు వినగానే మేడం పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

విచారణ రోజున ఆవిడ ఎదురుగానే ఇద్దరూ సంతకాలు చేసి కాగితం మాస్టారి ముందుకి తోశారు. ఆయన చకచకా రాసేశారు.

“మళ్లీ అదే మాట! అలవాటులెండి, కొట్టేయండి,” అని నవ్వాడు డీను.

“అలవాటు కాదండీ. ఈసారి నిజంగానే రాశాను!”

“ఆవిడది తప్పని రోజూ అరిచేది మీరేగా?”

“తప్పే! అయితే జవాబు చెబుతాం గానీ, ఉద్యోగం పీకుతామా?”

తీర్మానం వీగిపోయింది. బయటికొచ్చాక మేడం చేతులు జోడించబోతే ఆయన కసిరారు. “ఆగు! నీ మాట తప్పని రేపు గేటు దగ్గరే రుజువు చేస్తా. తొమ్మిదింటికి రా!”

మర్నాడు వాచ్‌మన్ మాస్టారికి సెల్యూట్ కొట్టాడు. పక్కనే ఉన్న మేడంకి చెయ్యి అడ్డం పెట్టాడు. “కార్డు?”

మాస్టారు నోరెళ్లబెట్టారు. “నన్నడగవేం?”

“మీరు తెలిసినవారు కదండీ!”

“ఏడాదిగా రోజూ వస్తోంది, ఈవిడ తెలీదా?”

వాచ్‌మన్ టోపీ సర్దుకున్నాడు.

“అడగవయ్యా, నన్నూ అడుగు!”

“కార్డు... చూపించండి సార్.”

జేబులన్నీ తడిమితే సుద్దముక్కలే దొరికాయి. ముప్పై ఏళ్లుగా ఎవరూ అడక్కపోతే కార్డెవరు మోస్తారు?

“లేదు! నన్ను లోపలికి రానివ్వకు!” అంటూ గంతేసినంత పని చేసి, ఇంటిదారి పట్టారు.

“మాస్టారూ, మీ క్లాసు?” అని కేకేసింది మేడం.

“నువ్వే తీసుకో! ఈ గేటు సంగతే చెప్పు! ఎవరేమన్నా నా పేరు చెప్పు!”

మేడం పగలబడి నవ్వుతూ కార్డు తీసింది. ఆవిడ వెనకాలే వచ్చిన డీను జేబులు వెతుక్కోవడం మొదలెట్టాడు.