చేపలక్కకు అతికించిన నవ్వు

మొన్న శుక్రవారం మా చెల్లెలి కూతురు మా ఇంట్లో సోఫా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని ఎవరో అమ్మాయి బొమ్మ వేస్తోంది. గీసిన కన్ను నచ్చలేదేమో, తెర మీద రెండు వేళ్ళతో ఒక్క తట్టు తట్టింది, కన్ను మాయమైపోయింది. ఇంకోటి గీసింది, మళ్ళీ తట్టింది. నేను టీ తాగడం పూర్తయ్యేలోపు అలా ఎన్ని కళ్ళు పుట్టి పోయాయో లెక్కలేదు. చూసి చూసి ఒళ్ళు మండి, గీసే ముందు ఒక్కసారైనా ఆలోచించుకోవా అని కసిరేశాను. అది బిత్తరపోయి చూసింది. పాపం, దాని తప్పేముంది? నా చిరాకు ఇరవై ఏళ్ళ పైనాటిది, అది నా వయసువాళ్ళకు తప్ప అర్థం కాదు.

అప్పట్లో నేను మైపాడు నుంచి రోజూ బస్సులో నెల్లూరు వెళ్ళి, ఒక డీటీపీ సెంటర్లో పెళ్ళికార్డులు, కరపత్రాలు కొట్టేదాన్ని. మా నాయన పడవలకు రంగులు వేసి పేర్లు రాసేవాడు కాబట్టి, ఆయన పక్కన కూర్చుని కూర్చుని నాకూ గీత అబ్బింది. అది తెలిసి మా యజమాని మద్రాసు నుంచి ఒక పెన్ టాబ్లెట్ కొనుక్కొచ్చి నా ముందు పడేశాడు. ఇప్పటివాటిలా తెర మీదే గీసుకునే భాగ్యం లేదు. బల్ల మీద నల్లటి ప్లాస్టిక్ పలక, దాని మీద గీస్తే గీత ఎదురుగా పెట్టెలాంటి మానిటర్లో పడేది. చెయ్యొకచోట, చూపొకచోట. మొదటి వారమంతా నేను గీసిన సున్నాలన్నీ వంకాయల్లా వచ్చేవి.

అదిగో ఆ రోజుల్లోనే ఒక సర్కారు ఆఫీసు నుంచి మాకు పని వచ్చింది. తుఫాను హెచ్చరిక రాగానే పడవలు ఒడ్డుకు తెచ్చుకోండని చెప్పే పోస్టరు, దాని నిండా ఒక మత్స్యకార స్త్రీ బొమ్మ. నాకు వెంటనే మా వీధికి చేపలు తెచ్చే అక్క గుర్తొచ్చింది. ఆమె తమ్ముడు హెచ్చరిక విని కూడా, సముద్రంలో వేసిన వల తెచ్చుకుని వస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. బొమ్మకు కూర్చుంటావా అక్కా అంటే మొదట పొమ్మంది. ఎందుకో చెప్పాక మాత్రం గంప దించి, ఆ పూట అమ్మకం మానుకుని నాతో ఒడ్డుకొచ్చి ఇసుకలో కూర్చుంది. ముఖం గీయడం సగం అయ్యాక, నేనడగకుండానే లేచి నిలబడి, ఆ రోజు తమ్ముణ్ణి ఎలా పిలిచిందో చూపించింది. నోటి పక్కన అరచెయ్యి పెట్టుకుని, మెడ నరాలు తేలేలా ఒక్క కేక వేసింది. దూరంగా వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలలెత్తి చూశారు. నేను ఆ నోరే, ఆ చెయ్యే గీశాను.

తర్వాత మొదలైంది అసలు అవస్థ. కాగితాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో దాని మీద గాజుకాగితం లాంటి కొత్త పొర పరిచి, పెన్సిల్ గీతల వెంబడి నల్లగీతలు దిద్దాలి. ఎక్కడైనా వెంట్రుకవాసి సందు మిగిలిందా, చీరలో పోసిన ఎరుపు కారిపోయి ఆకాశమంతా నిండిపోయేది. ఆ సందు ఎక్కడుందో వెతుక్కోవడానికే పూట గడిచేది. రంజాన్ నెల, నేను ఉపవాసం, మధ్యాహ్నానికి గొంతెండిపోయేది, సరిగ్గా నీడలు దిద్దడం పూర్తవుతుందనగా కరెంటు పోయేది. మళ్ళీ వచ్చాక తెరిస్తే అక్క చెయ్యి లేకుండా కనిపించేది, సేవ్ చేసుకోవడం మరిచిపోయిన నా పని అంతా గంగపాలు. ఎన్నిసార్లు తల బాదుకున్నానో!

ఎలాగో పూర్తిచేసి చూపిస్తే, ఆఫీసరు గారికి అన్నీ లోపాలే. ఈమె మరీ నల్లగా ఉంది, తెల్లబరచండి అన్నాడు. తెల్లబరిచాను. లావుగా ఉంది, తగ్గించండి అన్నాడు. తగ్గించాను. చీర ఎరుపు వద్దు, నీలం చేయండి. నీలం చేస్తే సముద్రంలో కలిసిపోతోంది, మళ్ళీ ఎరుపే పెట్టండి. చివరికి ఆ నోరేమిటి, చూసేవాళ్ళు భయపడతారు, చక్కగా నవ్వుతున్నట్టు పెట్టండి అన్నాడు. పళ్ళు కొరుక్కుంటూ ఇంకో పొర వేసి, ఆ కేక మీద ఒక నవ్వు అతికించి, చేతిని టాటా చెబుతున్నట్టు మార్చాను.

ఆ సాయంత్రం దాన్ని కాగితం మీద తీసి అక్కకు చూపించకుండా ఉండాల్సింది. మనసు ఊరుకోక చూపించాను.

"ఎవురు పాపా ఈమె?" అంది.

నువ్వే అక్కా అంటే నమ్మలేదు. కాగితం దగ్గరగా పెట్టుకుని చూసి, నా చేతిలో పెట్టేసింది.

"గాలివాన వస్తా ఉంటే నవ్వతా నిలబడుకునేదెవురు? దీన్ని చూసి ఎవడన్నా పడవ తిప్పుతాడా?"

గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు యజమానితో వాదించి చూశాను. వాళ్ళడిగింది ఇవ్వడమే మన పని అని కొట్టిపారేశాడు. ప్రెస్సుకు పంపడానికి ఫైలు సీడీలో ఎక్కించమని చెప్పి తను నమాజుకు వెళ్ళాడు. నేను బొమ్మ తెరిచాను. తెలుపు ఒక పొర, నవ్వు ఒక పొర, టాటా చెయ్యి ఒక పొర. ఒక్కొక్కదాన్నీ మూసేస్తూ పోతే, అడుగున అక్క ఒడ్డున నిలబడి నోరారా పిలుస్తూనే ఉంది. ఆ బొమ్మనే సీడీలో ఎక్కించాను.

పోస్టర్లు గోడలకెక్కాక ఆఫీసరు గారు షాపుకొచ్చి కోపంతో ఊగిపోయాడు. మా యజమాని నాకు కన్ను గీటుతూ, కంప్యూటర్లో ఏదో తేడా వచ్చినట్టుంది సార్ అని సర్దబోయాడు. తలూపి ఊరుకుంటే పోయేది.

"కంప్యూటర్ కాదు సార్, నేనే తీసేశాను" అన్నాను.

రేపటి నుంచి పనికి రావద్దన్నాడు యజమాని. ఇంటికొచ్చి నాయనకు చెబితే, కుంచె కడుక్కుంటూ ఊఁ అన్నాడు.

అంటించిన పోస్టర్లను పీకించే ఓపిక ఎవరికీ లేకపోయింది. మైపాడు బస్టాపు గోడ ముందు అక్క చాలాసేపు నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, నా ముక్కు ఇంత లావా పాపా అని అడిగింది. మర్నాడు మా గుమ్మంలో దోసెడు రొయ్యలు పెట్టి, అమ్మ పిలుస్తున్నా ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ ఏడు హెచ్చరిక వచ్చినప్పుడు మా ఊరి పడవలన్నీ వేళకు తిరిగొచ్చాయి. బొమ్మ వల్లనే అని నేననను. కానీ ఆ మాట అక్క మాత్రం ఊరంతా చెప్పుకుంది.

తర్వాత వేరేచోట పని దొరికింది, చాలా బొమ్మలే వేశాను. ఇప్పుడు హెచ్చరికలు ఫోన్లకే వచ్చేస్తున్నాయి, పోస్టర్లు కూడా పూటలో తయారవుతున్నాయి, మంచిదే. నెల్లూరు వెళ్ళినప్పుడల్లా బస్సు కిటికీలోంచి గోడల మీది ఆ ముఖాలను చూస్తుంటాను. నున్నగా, తెల్లగా, అందరూ నవ్వుతూనే ఉంటారు. ఎంతసేపు చూసినా, వాళ్ళలో ఏ ఒక్కరినీ నేనెప్పుడూ ఎక్కడా కలిసినట్టనిపించదు.