జేబులో చాకుతో భోజనానికి వెళ్ళేవారి మర్యాద

నాకు జరిగిన అన్యాయాలను జరిగిన వరుసలో ముందుగా పొందుపరుస్తున్నాను.

2010, అక్టోబరు. బర్ దుబాయ్‌లో ఒక భోజన హోటలు. నా జేబులో చాకు ఉన్నదని గుమ్మంలోనే చెప్పినందుకు నన్ను చేతులు కడుక్కునే కుళాయి పక్కన కూర్చోబెట్టారు. భోజనం పూర్తయ్యేలోపు నా ఎడమ భుజం తడిసిపోయింది.

2012, మార్చి. అదే పేటలో మరొక హోటలు. చెప్పినందుకు వెనక్కి పంపారు. నాతో వచ్చిన సహోద్యోగి జేబులోనూ అటువంటి చాకే ఉన్నది. అతను చెప్పలేదు. లోపలికి వెళ్ళి బిర్యానీ తిని, బయటికి వచ్చి, బాగుందని నాకు చెప్పాడు.

2014, నవంబరు. దుబాయ్‌లోనే డేరా పేటలో ఒక ఫలహారశాల. చాకును భద్రపరుస్తామని తీసుకున్నారు. తిరిగి ఇచ్చినప్పుడు దానికి నిమ్మకాయ వాసన వచ్చింది.

2016, ఫిబ్రవరి. డేరాలో ఇంకొక హోటలు. ఈ అన్యాయం నాకు జరిగినది కాదు. నా చాకు కారణంగా ఆ హోటలు కాపలాదారుకు జరిగినది. పై మూడింటినీ నేను క్షమించలేదు. అయినా వాటిని పక్కన పెట్టి ఈ నాలుగవదాని గురించే వ్రాస్తున్నాను.

అల్ ఖూజ్‌లో ఒక బట్టల గోదాముకు నేను బాధ్యుడిని. బేళ్ళు వస్తాయి. వాటి కుట్లు కోయాలి. కోయడానికి చాకు కావాలి. చిటికెన వేలంత అలుగు, కొయ్య పిడి, మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోతుంది. దానిని గోదాములో వదిలివేస్తే మర్నాటికి అది పండ్లు కోసే చాకు అవుతుంది, ఆ మర్నాటికి కనబడదు. అందువల్ల తాళాలతో పాటు చాకు కూడా నా వద్దనే ఉండాలని మా ముదీర్, అంటే గోదాము పై అధికారి, ఆదేశించాడు. ఇది పనిముట్టు అని సంతకం చేసిన కాగితం కూడా ఇచ్చాడు. ఆ కాగితాన్ని ఇంతవరకు ఎవరూ చదవలేదు. మడత విప్పేలోపే అందరూ చాకును చూస్తారు.

గురువారం సాయంత్రం కంపెనీ పికప్ నన్ను డేరాలో దింపుతుంది. అక్కడ ఒక హోటలు ఉన్నది. కింది అంతస్తులో భోజనశాల, దానిని ఆనుకొని తెర కట్టిన బారు, రెండింటికీ గుమ్మం ఒక్కటే. నా పాత మిత్రుడు, కాకినాడ వైపు మనిషి, ఒక నౌకా రవాణా కార్యాలయంలో అకౌంటెంటు, అక్కడ నాకోసం ఎదురుచూస్తాడు. అతను తెరకు అటువైపు కొంతసేపు గడిపి, ఇటువైపు వచ్చి నాతో భోజనం చేస్తాడు. నేను తెర దాటను. చాకు ఉన్నవాడు మద్యం ఉన్న గదిలో కూర్చోకూడదు. తాను తాగకపోయినా సరే. తాగినవాడు పక్కన ఉంటే చాలు.

ఇది నేను ఏర్పరచుకున్న మర్యాదలలో ఒకటి. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి: అడగకముందే గుమ్మంలో చెప్పాలి, మెల్లగా చెప్పాలి, చెబుతున్నంతసేపు చేయి జేబు దగ్గరికి పోకూడదు. చాకు మడిచే ఉండాలి. ఎవరికీ చూపించకూడదు. బల్ల మీద ఎంత గట్టి మాంసం వచ్చినా, పక్కవాడు ఎంత బతిమాలినా, దానితో ఏదీ కోయకూడదు. ఒకసారి మా గోదాము వాళ్ళు ఒకరి పుట్టినరోజుకు కేకు తెచ్చారు. ప్లాస్టిక్ కత్తి మొదటి గాటుకే విరిగింది. బల్ల చుట్టూ ఉన్నవారందరూ ఒక్కసారిగా నావైపు చూశారు. నేను నీళ్ళు తాగాను. కేకును చెంచాలతో తోడి పంచుకున్నారు. ఆ రోజు ఫొటోలలో నేను లేను.

"మేష్టారూ," అనేవాడు మా అకౌంటెంటు, "మీరు గుమ్మంలో ఆ ముక్క చెప్పకపోతే ఈపాటికి మనం రెండోసారి పెరుగు వేసుకుంటూ ఉండేవాళ్ళం. ఎవరికి తెలుస్తుందండీ, మీ లాల్చీ జేబులో ఏముందో?"

"నాకు తెలుస్తుంది."

"మీకు తెలిసినవన్నీ సెక్యూరిటీవాడికి చెప్పాలంటే తెల్లారిపోతుందండీ."

ఆ గుమ్మంలోని కాపలాదారు జగిత్యాల వైపు మనిషి. నలభై దాటిన వయసు. అంతకుముందు భవనాల పనిలో ఉండి, నడుము పట్టేయడంతో ఈ పనిలోకి మారాడు. నేను చాకు సంగతి చెప్పిన మొదటి రోజు అతను నవ్వలేదు, వెనక్కి పంపలేదు, కుళాయి పక్కకు తోయలేదు. తన చిన్న బల్ల వైపు చూపించాడు.

"ఆడ వెట్టుండ్రి పెద్దసారూ. చేతికియ్యకుండ్రి. కత్తి చేతికిస్తే లొల్లయితది. మీతోని నాకు లొల్లెందుకు?"

మా ఇంట్లోనూ అదే ఆచారం. కత్తి, ఉప్పు, మిరపకాయలు చేతి నుంచి చేతికి మారేవి కావు. ఒకరు కింద పెడితే రెండవవారు తీసుకునేవారు. తగువు వస్తుందన్న నమ్మకం నాకు అంతగా లేదు. అయినా ఒక ఆయుధం చేతులు మారేటప్పుడు నడుమ ఒక్క క్షణం ఎవరి చేతిలోనూ ఉండకపోవడం మంచి పద్ధతి. నేను బల్ల మీద పెట్టి, చేయి వెనక్కి తీసుకునేవాడిని. అప్పుడు అతను అందుకొని సొరుగులో పెట్టి, ఒక ఇత్తడి బిళ్ళ కూడా బల్ల మీదే పెట్టేవాడు. బిళ్ళను చేతికి ఇవ్వవచ్చునని నేను ఒకసారి సూచించాను. "అలవాటయిపోయింది సారూ," అన్నాడు. ఇన్నేళ్ళ దుబాయ్ జీవితంలో నా చాకుకు దక్కిన మొదటి గౌరవం అది.

ఫిబ్రవరిలో ఆ గురువారం నాడు గుమ్మంలో బల్ల లేదు. కొత్త తివాచీ వేస్తున్నారని లోపలికి జరిపారు. నేను ఎప్పటివలె చెప్పాను. మోకాళ్ళు వంగవు గనుక, మడిచిన చాకును అతని చేతికి అందించబోయాను. అతను ఒక్క గంతులో గోడ దాకా వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ పైకెత్తాడు.

"వద్దు వద్దు సారూ! కింద! కింద వెట్టుండ్రి!"

సరిగ్గా అప్పుడే లిఫ్టు తెరుచుకున్నది. లోపల ఒక కుటుంబం. వారు నన్ను చూశారు, నా చేతిలోని చాకును చూశారు, గోడకు ఆనుకొని చేతులెత్తిన కాపలాదారును చూశారు. ఎవరూ అరవలేదు. ఎవరో బొత్తాం నొక్కారు. లిఫ్టు మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. నేను గోడ పట్టుకొని వంగి చాకును నేల మీద పెట్టాను. అతను తీసుకున్నాడు. బిళ్ళను నేల మీద పెట్టబోయి, నా మోకాళ్ళను చూసి, తలుపు పిడికి తగిలించాడు. నేను లోపలికి వెళ్ళి భోజనం చేశాను. ఆ రోజు పప్పు బాగున్నది.

మరుసటి గురువారం గుమ్మంలో వేరే మనిషి ఉన్నాడు. నేను చాకు సంగతి చెప్పగా "యల్లా, యల్లా" అని నన్ను లోపలికి తోశాడు. చాకుతో సహా. పాత మనిషి ఏడని అడిగాను. "ఖలాస్," అన్నాడు.

నేను మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన తెలుగువాడు కాదు, మేము హిందీలో మాట్లాడుకున్నాము. ఆ మాటలకు నా తెలుగు ఇది.

"అంకిల్, కెమెరాలో చూశాను. పైన దిగిన అతిథులు ఫిర్యాదు చేశారు. మీరు కత్తి తీశారు, మా వాడు చేతులెత్తాడు."

"నేను తీయలేదు. అప్పగించాను."

"అప్పగిస్తే తీసుకోవాలి కదా? గోడెక్కుతాడా? మీ వయసు మనిషికే చేతులెత్తినవాడు రేపు తాగి వచ్చినవాణ్ణి ఏం ఆపుతాడు?"

ఆచారం వివరించాను. కత్తి చేతికి ఇస్తే ఇద్దరి మధ్య తగువు వస్తుందని మావారి నమ్మకమని చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"చేతికి ఇవ్వలేదు కదా?"

"ఇవ్వలేదు."

"మరి ఈ తగువంతా ఎక్కడిది?"

ఆ ప్రశ్నను అలాగే నమోదు చేసుకున్నాను.

తరువాత ఆయన తన ఇబ్బంది చెప్పాడు. అతిథి ఫిర్యాదు చేస్తే కారణం వ్రాయాలి. వ్రాయడానికి రెండే కారణాలు ఉన్నాయి. కస్టమరు బెదిరించాడు, లేదా సెక్యూరిటీ భయపడి విధి తప్పాడు. మొదటిది వ్రాస్తే పోలీసులు నా కోసం వస్తారు. నా తెల్ల జుట్టు చూసి ఆయన రెండవది వ్రాశాడు. దాని మీద, అతనికి జీతమిచ్చే కాపలా కంపెనీ అతన్ని తన కార్మికుల క్యాంపుకు పంపించి, వీసా కేన్సిల్ చేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నది.

"మీకోసమే అలా రాశాను," అన్నాడు.

నేను కోరని ఉపకారం అది. వంటగదిలో ఆంధ్రా వంటమనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఉన్నాడు, భీమవరం వైపు మనిషి. ఇద్దరం వంటగదిలోకి వెళ్ళేసరికి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. మేనేజరును ఒక కత్తి తీసుకొని అతని చేతికి ఇవ్వమన్నాను. ఇవ్వబోయాడు. వంటమనిషి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"అక్కడ పెట్టండి సార్."

"పట్టుకో!" అన్నాడు మేనేజరు.

"మీకూ నాకూ ఇంతవరకు ఏ గొడవా లేదు కదండీ. ఇప్పుడు కొత్తగా ఎందుకండీ?" అన్నాడు వంటమనిషి, నావైపు తిరిగి తెలుగులో. నేను అనువదించాను.

మేనేజరు కత్తిని పీట మీద పెట్టాడు. వంటమనిషి దానిని తీసుకొని ఉల్లిపాయల పని కొనసాగించాడు.

"ఇది వంటగది," అన్నాడు మేనేజరు. "అది గేటు."

శుక్రవారం ఉదయం అల్ ఖూజ్‌లో కాపలా కంపెనీ క్యాంపుకు వెళ్ళాను. అతను తన మంచం మీద కూర్చొని యూనిఫారం చొక్కాను మడతపెడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏంది పెద్దసారూ, గిందుకోసం గింత దూరం అచ్చిండ్రా? మోకాళ్ళు మంచిగున్నయా?"

"నీ సంగతి చెప్పు నాయనా."

"ఏమున్నది సారూ. కేన్సిల్ జేస్తమంటున్నరు. పనిదేముంది, ఏడనన్న దొరుకుతది. గని భయపడ్డడని రాసిండ్రట. ఊల్లె మా తమ్మునికి తెలిస్తె బతకనియ్యడు. మా అన్న దుబాయ్‌ల ముసలాయన్ను జూసి చేతులెత్తిండని ఊరంత జెప్తడు." కొంచెం ఆగి, "మిమ్ముల ముసలాయన అన్నందుకు ఏమనుకోకుండ్రి," అన్నాడు.

"పరవాలేదు. నువ్వు నిజంగా భయపడ్డావా?"

"భయపడ్డ సారూ. కత్తికి గాదు. మీతోని లొల్లయితదేమోనని. గురువారం గురువారం ఉన్నదని నోటితోని చెప్పెటోళ్ళు మీరొక్కలే. మిగిలినోళ్ళ జేబులల్ల ఏమున్నదో నాకేమెరుక?"

నేను బెదిరించానని ఒప్పుకుంటే కాపలాదారు ఉద్యోగం నిలబడుతుందేమోనని ఆ సాయంత్రం అదే హోటలులో మా అకౌంటెంటుతో అన్నాను.

"మేష్టారూ, జైల్లో కూడా గుమ్మం ఉంటుందండీ. అక్కడ ఏం చెబుతారు?" అన్నాడు. తరువాత నవ్వకుండా, "అబద్ధం రాయకండి. ఉన్నదే గట్టిగా రాయండి," అన్నాడు. మొట్టమొదటిసారి అతను ఆ రోజు తెరకు అటువైపు వెళ్ళలేదు.

నేను ఆలోచించాను. నేను బెదిరించానన్నది అబద్ధం. అతను విధి తప్పాడన్నదీ అబద్ధం. జేబులో చాకు ఉన్న ఒక మనిషి చెప్పవలసిన చోట చెప్పాడు. దానిని తీసుకోవలసిన మనిషి, తన ఇంట నేర్చిన జాగ్రత్తతో, కింద పెట్టమన్నాడు. మొదటివాడు పెట్టాడు, రెండవవాడు తీసుకున్నాడు, భద్రపరిచాడు, తిరిగి ఇచ్చాడు. చాకు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. ఇంతకంటె బాధ్యతగా ఒక ఆయుధం ఏ హోటలు గుమ్మం వద్దనైనా చేతులు మారిందేమో నేను ఎరుగను. చాకు సంగతి చెప్పని నా సహోద్యోగి ఈ నగరంలో ఇప్పటికీ నిశ్చింతగా బిర్యానీ తింటున్నాడు.

ఇది వ్రాసేనాటికి కాపలాదారు క్యాంపులోనే ఉన్నాడు. కాగితాల మీద ఆఖరి సంతకం ఇంకా పడలేదు. కావున ఈ రచన ప్రతిని, దాని ఆంగ్ల పాఠంతో సహా, సదరు హోటలు యాజమాన్యానికీ, కాపలా కంపెనీకీ పంపుతూ, కింది విషయాలకు సమాధానం కోరుతున్నాను. మీ కాపలాదారు ఆ చాకును భద్రపరచడంలో ఏ నియమాన్ని ఉల్లంఘించాడు? ఉల్లంఘించలేదని తేలితే "భయపడి విధి తప్పాడు" అన్న వాక్యాన్ని ఏ రోజున కొట్టివేస్తారు? అతన్ని ఏ రోజున గుమ్మానికి తిరిగి పంపుతారు? రెండు కారణాలలో దేనికీ చెందని సంఘటన జరిగినప్పుడు ఎక్కడ వ్రాయాలో మీ సిబ్బందికి ఎప్పుడు తెలియజేస్తారు?

ఫోనులో చెప్పే సమాధానం, మేనేజరు గదిలో టీ ఇచ్చి చెప్పే సమాధానం, గుమ్మంలో తల ఊపి చెప్పే సమాధానం అంగీకరింపబడవు. ఈ ప్రతి అందిన పదిహేను రోజులలోగా, అతని వీసా కాగితాల మీద ఎవరూ సంతకం చేయకముందే, బాధ్యతగల అధికారి సంతకంతో, వ్రాతపూర్వకమైన సమాధానం ఇవ్వవలసినదిగా డిమాండు చేస్తున్నాను. ఒక ప్రతి నాకు, ఒక ప్రతి క్యాంపులో ఉన్న అతనికి.