నేను సముద్రానికి చెరుకు గట్లు వేసిన రోజు

సముద్రంలో మునిగినవాళ్ళ కథలు మీరు వినే ఉంటారు. సముద్రం లేకుండానే, బోధన్ దగ్గర మేనమామ వాకిట్లో, పట్టపగలు, సొంత చుట్టాల సాక్షిగా మునిగింది మాత్రం నాకు తెలిసి నేనొక్కదాన్నే. నాతోపాటు మా పై అధికారి మేడం గారు, ఒక బర్రె, అమ్మ చుట్టిన చాటెడు బీడీలు కూడా మునిగాయి. జాలిపడేవాళ్ళు ఇప్పుడే పడండి. తర్వాత నవ్వుకోవడంలో మీకు తీరిక దొరకదు.

ముందు నా కొలువు సంగతి చెప్పాలి. నిజామాబాదులో అమ్మ బీడీలు చుట్టి చదివిస్తే ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో కాంట్రాక్టు మీద చేరాను. ఆ సంస్థకు ఒక తీరం పొడవునా ఉన్న సముద్రాన్ని మొత్తంగా పరిశీలించే పని వచ్చింది. మొత్తంగా అంటే చేపలొక్కటే కాదు. తాబేళ్ళు, మడ అడవులు, ఓడరేవు, హోటళ్ళు, అక్కడ బతికే జనం, అన్నింటినీ ఒకదానితో ఒకటి కలిపి చూడాలి. అదీ వెళ్ళి పడవెక్కి మొదలుపెట్టేది కాదు. ఏం తెలుసుకోవాలి, ఎవర్ని అడగాలి, ఏవేవి కొలవాలి అన్నది ముందే కూర్చొని ప్రణాళిక వేయాలి. ఆ ప్రణాళిక ముసాయిదా నా చేతిలో పెట్టారు. అది మా పై అధికారి దేవకి మేడంకు నచ్చితే తీరంలో జరిగే మొదటి సభ నేనే నడుపుతాను, కొలువు నిలుస్తుంది. నచ్చకపోతే కాంట్రాక్టు ముగియగానే ఇంటికొచ్చి అమ్మ పక్కన ఇంకో చాట ముందు పెట్టుకోవడమే.

ఇందులో ఒక చిన్న చిక్కుంది. నేను అప్పటిదాకా సముద్రం చూడలేదు. సినిమాల్లో చూశాను గానీ అక్కడ హీరో హీరోయిన్లు అడ్డం వస్తారు. మా వైపు నీళ్ళంటే కాలువ నీళ్ళు, బోరు నీళ్ళు. కాలువకు వంతు ఉంటుంది, మడికి గట్టు ఉంటుంది, గట్టు జరిపినవాడి మీద పంచాయితీ ఉంటుంది. సముద్రమూ అంతే, కాస్త ఉప్పగా ఉంటుంది కాబోలనుకున్నాను. పటం మీద స్కేలు పెట్టి శుభ్రంగా నాలుగు మడులు చేశాను. ఇది జాలర్లది, ఇది ఓడరేవుది, ఇది హోటళ్ళది, ఇది తాబేళ్ళది. ఎవరి మడి వాళ్ళు చూసుకుంటే గొడవేముంది? ఇంత తేలిక పనికి అంత పెద్ద శాస్త్రవేత్తలు ఎందుకు తలలు పట్టుకుంటున్నారో నాకు అర్థం కాలేదు.

సెలవుకు నిజామాబాదు వచ్చి ఉండగా మేడం ఫోన్ చేశారు. ఆవిడది కోనసీమ వైపు. తిట్టినా బుజ్జగించినట్టే ఉంటుంది.

"సరితా, నీ ప్రణాళిక చదివానమ్మా. కాగితం మీద కాదు, జనం మధ్య చూడాలి. నేను ఎలాగూ నిజామాబాదుకి పెళ్ళికి వస్తున్నాను. మర్నాడు ఆ సభ ఎలా నడుపుతావో ఒకసారి నడిపి చూపించు."

"జాలర్లను ఇక్కడికి ఎక్కడినుంచి తేను మేడం?"

"ఎవరో ఒకర్ని కూర్చోబెట్టు. మీ ఊళ్ళో నీకు జనానికి కొదవా?"

కొదవేమీ లేదు. అదే నా కొంప ముంచింది. అమ్మను బస్సెక్కించి బోధన్ దాటి పోశెట్టి మామ ఊరికి తీసుకెళ్ళాను. మామ వాకిలి పెద్దది. ముగ్గుపిండిలో బట్టలకు పెట్టే నీలం కలిపి వాకిలంతా చల్లితే, కాస్త కళ్ళు మూసుకుని చూసినవాళ్ళకు సముద్రంలాగే ఉంది. పెరట్లోని చెరుకు గడలు తెచ్చి గట్లుగా పరిచి నాలుగు మడులు కట్టాను. అంతకుముందు దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుదామని బోరు పైపును వాకిట్లోకి లాగాను గానీ, అప్పుడు కరెంటు లేదు. బకెట్‌తో చల్లేసి పైపును అక్కడే వదిలేశాను.

"ఆ పైపు తీసెయ్యి బిడ్డా. స్టార్టర్ ఆటో మీదున్నది" అన్నాడు మామ.

మీకు తెలియకపోతే చెబుతాను. మా వైపు బోరు స్టార్టరుకు ఆటో అని ఒక మీట ఉంటుంది. అది వేసి ఉంచితే కరెంటు ఎప్పుడొచ్చినా రైతు పరుగెత్తనక్కర్లేదు, మోటారు దానంతటదే నడుస్తుంది. పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి. కానీ నేను సముద్రం పని మీదున్నాను కదా, బోర్ల సంగతి నాకెందుకు?

"తర్వాత తీస్త మామా" అన్నాను.

వేషాలు పంచాను. మామ జాలరి. వెంటనే దోమతెర భుజాన వేసుకొచ్చాడు. అమ్మ ఓడరేవు. చాట వదిలి రానంది కాబట్టి ఓడరేవులో కూర్చొని బీడీలు చుడుతోంది. మామ భార్య లక్ష్మి అత్త హోటల్. మా అమ్మమ్మను అవ్వా అంటాం, ఆమె తాబేలు. వీపు మీదుగా దుప్పటి కప్పుకొని, మెడ చాచి లోపలికి లాక్కొని, పాత్రలో అప్పటికే లీనమైపోయింది.

"మామా, నువ్వు జాలరివి. నీ ఇబ్బందులేందో చెప్పు" అని సభ ప్రారంభించాను.

"నా ఇబ్బంది ఒక్కటే బిడ్డా. నా చాపలు గట్టు దాటి మీ అమ్మ దిక్కు వోతె ఏం జెయ్యాలె?"

"పోవు మామా. ప్లాన్‌ల లేదు."

"ప్లాన్ సంగతి చాపలకు ఎవ్వలు జెప్పిన్రు?"

అమ్మ బీడీకి దారం చుడుతూనే అందుకుంది. "నా దిక్కు వస్తె అవి నావే. నీ పొలంలకు నీల్లు కట్టుకొని నా వాటా మడిని మర్సిననాడు నేనేమన్న అన్ననా?"

"అక్కా, గది కాలువ. గిది సముద్రం!"

"ఏదైతేంది, తమ్ముడు తమ్ముడే గద!"

నడుమ అవ్వ మెడ బయటికి చాచింది. "నేను గుడ్లు యాడ వెట్టాలె?"

నేను కాగితం చూసుకున్నాను. తాబేళ్ళకు ఇచ్చిన మడిలో అసలు ఒడ్డే లేదు. "ఒడ్డు మీద అవ్వా."

"ఒడ్డు ఎవలది?"

"అత్తది. హోటల్ ఉన్నది."

"కమ్రాలు ఖాళీ లేవు అత్తమ్మా" అంది లక్ష్మి అత్త చాలా మర్యాదగా.

"నేను ఇయ్యాల్నే పెడ్త! యాడ ఆపుతవో సూస్త!"

అత్తాకోడళ్ళ మధ్య ఏళ్ళుగా పేరుకున్నదంతా తాబేలుకూ హోటల్‌కూ మధ్య బయటికి రావడం మొదలైంది. సరిగ్గా అప్పుడే మామ బర్రె తాడు తెంపుకొని వచ్చి, జాలర్లకూ హోటళ్ళకూ నడుమ ఉన్న సరిహద్దును నమలసాగింది. తియ్యటి సరిహద్దు. ఎవరు తోలినా కదలలేదు. అది సగం తినేసరికి అత్త కుర్చీ ఎత్తుకొని జాలర్ల మడిలోకి జరిగింది.

"గట్టు లేదు గద, గీ జాగ నాదే" అంది.

"నీ తల్లిగారి జాగనా?" అన్నాడు మామ దోమతెర విసురుతూ.

చప్పట్లు కొట్టాను, ఈల వేశాను, దండం పెట్టాను. ఎవరూ వినలేదు. బయట కారు ఆగింది. తెల్లటి నేత చీరలో దేవకి మేడం గేటు తీసుకొని లోపలికి వచ్చారు. నేను బర్రె కనిపించకుండా దాని ముందు నిలబడ్డాను. మీరు ఎప్పుడైనా ప్రయత్నించారా? బర్రె నాకంటే వెడల్పు.

"నమస్కారం మేడం. ఇది మన సముద్రం. నాలుగు భాగాలు చేశాను. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేకుండా..."

ఆ మాట దగ్గర కరెంటొచ్చింది.

లోపల ఫ్యాను తిరిగింది, టీవీ అరిచింది, బోరు దగ్గర స్టార్టర్ టక్కుమంది. పైపు ఒకసారి దగ్గి, ఇంత బురద ఉమ్మి, ఆపైన బోరులో ఉన్న నీళ్ళన్నీ నా సముద్రంలోకి వదిలింది. చెరుకు గట్లు లేచి తేలాయి. నీలమంతా కరిగి వాకిలి గోడల దాకా నిండింది. అమ్మ చాట ఓడరేవులో బయలుదేరి, జాలర్ల మడి మీదుగా హోటల్ దాటి, మూలనున్న మంచం కిందికి పోయింది. బర్రె బెదిరి దూకితే నేను వెల్లకిలా పడ్డాను.

"స్టార్టర్ బంద్ చెయ్యున్రి!" అని అందరూ అరిచారు. ఎవరూ కదల్లేదు, ఎవరి సామాను వాళ్ళు పట్టుకున్నారు.

"నా గుడ్లు, నా గుడ్లు!" అని అవ్వ మంచమెక్కింది.

మామ పోయి మోటారు ఆపేసరికి మేడం చీలమండల దాకా నీలంలో ఉన్నారు. తెల్ల చీర అంచు కూడా నీలం. నా కొలువు ఎటు కొట్టుకుపోయిందో నాకు కనిపిస్తూనే ఉంది. అమ్మ మంచం కిందినుంచి చాట తీసింది. పొద్దటినుంచి చుట్టిన బీడీలన్నీ నానిపోయాయి. తిడుతుందనుకున్నాను.

"గవి మల్ల సుడ్త తియ్యి. నీ కొలువు ఉన్నదా పోయిందా, గది జెప్పు బిడ్డా" అంది.

ఆ మాటకు నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

మేడం చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని వాకిలంతా చూశారు. "సరితా, ఇప్పుడు చెప్పమ్మా. జాలర్ల మడి ఏదీ?"

"లేదు మేడం."

"ఓడరేవు?"

"మంచం కిందికి పోయింది మేడం."

"తాబేళ్ళది?"

"అన్నీ కలిసిపోయినయ్ మేడం" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. ముక్కు కూడా నీలమైంది.

"అదే కదా తల్లీ, మొదట్నుంచీ రాయమంటున్నది!"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. ముందు మామ, తర్వాత అత్త, చివరికి తాబేలు కూడా నవ్వింది. ఆ నీళ్ళ మధ్యే మంచం మీద కూర్చొని, అత్త చేసిన మక్కజొన్న గారెలు తింటూ మేడం సభ మళ్ళీ మొదలుపెట్టారు. నీ వాటా ఏది అని ఒక్కరినీ అడగలేదు. "మీ పని వల్ల పక్కవాళ్ళకేమవుతుంది?" అని అడిగారు.

అమ్మ చాటలోని నీళ్ళు ఒంపింది. "నేను ఓడల కోసం లోతు తవ్విస్తె ఆ మట్టంత తమ్ముని వలలల్ల పడ్తది" అని ఒప్పుకుంది. నీళ్ళ విషయంలో అమ్మ మామ పక్షాన మాట్లాడటం నేను పుట్టి పెరిగాక అదే మొదటిసారి వినడం. ఇక హోటల్ దీపాల వెలుగుకు తాబేలు పిల్లలు సముద్రం వైపు పోక దారి తప్పుతాయని మేడం చెప్పారు.

"అయ్యో, అయితె రాత్రి లైట్లు బంద్ జేస్త అత్తమ్మా" అంది లక్ష్మి అత్త.

అవ్వ దుప్పటితో కళ్ళు ఒత్తుకుంది. "నా కోడలు నా కోసం లైట్ బంద్ జేస్తనన్నది" అని ఇప్పటికీ ఊరంతా చెబుతుంది. ఏ లైటు, ఎందుకు అన్నది మాత్రం చెప్పదు.

నేను నాలుగు మడుల కాగితం చింపేశాను. కొత్త కాగితం మీద ఎవరి పని ఎవరి దాకా పోతుందో గీతలు గీస్తూ పోయాను, ఆ గీతల మీదే ఏం కొలవాలో రాశాను. మేడం కారెక్కేటప్పుడు అద్దం దించారు.

"సభ నువ్వే నడుపు. పైపు మాత్రం తేకు."

ఇక బర్రె సంగతి. మోకాళ్ళ దాకా నీలమైంది, ఎంత కడిగినా పోలేదు. మహారాష్ట్ర నుంచి బోధన్ అంగడికి వచ్చిన బేరగాళ్ళు అది ఏ జాతి బర్రె అని మరాఠీలో అడిగారట. "సముద్రపు జాతి" అని మామ గంభీరంగా చెప్పాడట.

సభ కోసం తీరానికి వెళ్ళినప్పుడు సముద్రాన్ని మొదటిసారి చూశాను. దీనికా నేను స్కేలు పెట్టింది! ఆగలేక మామకు వీడియో కాల్ చేసి చూపించాను.

"అవ్వల్లా, గిన్ని నీల్లా! దీని స్టార్టర్ యాడున్నది?"

"లేదు మామా. గిది బంద్ కాదు."

మామ ఫోను ముఖానికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. "అయితె నువ్వే జర ఎనుకకు జరుగు బిడ్డా" అన్నాడు.

జరిగాను. అక్కడే తడి ఇసుకలో నిలబడి, తూర్పు దిక్కుకు తిరిగి, కుడిచెయ్యి ముందుకు చాపి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ సముద్రానికీ గట్టు వేయను. వేసినా చెరుకుతో వేయను. ఆటో మీట చూడకుండా ఎవరి ముందూ "సంబంధం లేదు" అనను. ఆ బర్రె కాళ్ళు మళ్ళీ నల్లబడ్డా సరే, ఈ మాట తప్పను.